తుర్క్‌మెన్ చదవాలంటే ముందు ఇంగ్లీష్ పక్కన పెట్టండి

తుర్క్‌మెన్ అంటే మధ్య ఆసియాలోని తుర్క్‌మెనిస్తాన్ భాష. దాని రాత చూడగానే ఇంగ్లీష్ అక్షరాలే కదా, ఎలాగోలా చదివేయొచ్చు అనిపిస్తుంది. అక్కడే బోల్తా పడతాం. ఆ భాషలో ఎస్ అని రాసింది స కాదు, జెడ్ అని రాసింది ఇంగ్లీష్ జెడ్ కాదు, వై అని రాసింది య కానే కాదు, ఇవన్నీ చాలవన్నట్టు దీర్ఘం ఎక్కడుందో రాతలో దాదాపు ఎక్కడా చూపించరు. కాబట్టి మొదటి రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకుని, కొత్త మాట ఎదురైన ప్రతిసారీ పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకోండి. ఎ-ఏ, ఒ-ఓ తేడా మన గుణింతంలోనే ఉంది, హిందీలో రాసుకునేవాళ్ళకి ఆ సౌకర్యం లేదు. అది ఇక్కడ ఎంత పనికొస్తుందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొత్తం 30 అక్షరాలు, అందులో అచ్చులు 9, హల్లులు 21. ఇంగ్లీష్ 26లోంచి మామూలు సి, క్యూ, వి, ఎక్స్ తీసేశారు, ఎనిమిది కొత్తవి చేర్చారు. ఆ ఎనిమిదికీ నేను వాడే పేర్లు ఇవి: పైన రెండు చుక్కలున్న చుక్కల ఏ, చుక్కల ఓ, చుక్కల యు, కింద కొక్కెం ఉన్న తోక సి, తోక ఎస్, నెత్తిన టిక్కు పెట్టుకున్న టిక్కు ఎన్, టిక్కు జెడ్, పైన ఏటవాలు గీత ఉన్న గీత వై. ఇక్కడి నుంచి ఈ పేర్లతోనే చెప్తాను.

అన్నిటికంటే ముందు ఎస్, జెడ్ సంగతి తేల్చుకోండి, ఎందుకంటే తుర్క్‌మెన్ నోటి మాట వినగానే చెవికి తగిలేది ఇదే. ఎస్ రాసినచోట నాలుక కొసని పళ్ళ మధ్యకి తెచ్చి గాలి వదలాలి, ఇంగ్లీష్ వాళ్ళు థింక్ అన్నప్పుడు మొదట వచ్చే శబ్దం అది. జెడ్ రాసినచోట నాలుక అక్కడే ఉంటుంది కానీ గొంతు మోగాలి, వాళ్ళ దిస్, దట్‌లో మొదటి శబ్దం. ఇక్కడ మనవాళ్ళకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది: మనం థింక్ అని రాసుకుని నిజంగానే మన థ పలికేస్తాం, దిస్ అని మన ద పలికేస్తాం. మన థ, ద రెండూ నాలుక పళ్ళకి తగిలి గాలిని ఆపి వదిలే శబ్దాలు. తుర్క్‌మెన్‌లో గాలి ఆగకూడదు, సన్నగా జారుతూనే ఉండాలి. పరీక్ష సులువు: ఆ శబ్దాన్ని ఊపిరి ఉన్నంతసేపు సాగదీయగలుగుతున్నారా చూడండి, సాగితే సరిగ్గా పలుకుతున్నట్టు, ఠక్కున తెగిపోతే మీరు ఇంకా థ దగ్గరే ఉన్నారు. సలామ్, నీళ్ళు అనే అర్థమున్న సువ్, 'మీరు' అనే అర్థమున్న సిజ్, వీటితో సాధన చేయండి. సిజ్‌లో రెండు శబ్దాలూ ఉన్నాయి కాబట్టి అదొక్కటి వస్తే చాలు. మొదట్లో నంగిగా మాట్లాడుతున్నట్టు సిగ్గేస్తుంది, పట్టించుకోకండి, అక్కడ వార్తలు చదివేవాళ్ళూ అలాగే పలుకుతారు. నోట్‌బుక్‌లో నేను స, జ కింద చిన్న గీత పెట్టుకుంటాను, అది చూడగానే నాలుక ఎక్కడుండాలో గుర్తొస్తుంది.

తర్వాత వై. గీత వై అంటే మన య, అంతే, దాని గురించి ఆలోచించక్కర్లేదు. మామూలు వై మాత్రం అచ్చు, అదీ తెలుగులో లేని అచ్చు. ఉ అనండి, అంటూ అంటూ నాలుకని కదపకుండా పెదవులని మాత్రం ఇ అనేటప్పుడు ఉన్నట్టు పక్కలకి లాగేయండి. వచ్చిన శబ్దమే అది. చెన్నైలో పెరిగిన తెలుగువాళ్ళకి ఇది చాలా తేలిక, తమిళంలో అదు, ఇదు అన్నప్పుడు చివర్లో పెదవులు గుండ్రం చేయకుండా వదిలేసే ఉకారం దీనికి బాగా దగ్గర. సంవత్సరం అనే మాటని గీత వై, వై, ఎల్ అని రాస్తారు, అంటే రెండు వైలు పక్కపక్కనే, ఒకటి హల్లు, ఒకటి అచ్చు. ఆ ఒక్క మాట తడబడకుండా చదవగలిగితే ఈ గొడవ తీరినట్టే.

మిగతా మూడు చుక్కల అచ్చులు అంత కష్టం కాదు. చుక్కల ఏ అంటే బ్యాంక్, క్యాష్ అన్నప్పుడు మన నోట్లో వచ్చేదే, కోస్తా వైపు వచ్చాడు అన్నప్పుడు చ్చా దగ్గర వినిపించేదీ అదే, మామూలుగా కాస్త సాగదీసి పలుకుతారు. చుక్కల ఓ కోసం ఎ అంటూ పెదవులు గుండ్రం చేయండి, చుక్కల యు కోసం ఇ అంటూ గుండ్రం చేయండి. నాలుక కదలకూడదు, పెదవులే పని చేయాలి, అద్దం ముందు నిలబడితే త్వరగా వస్తుంది. రొట్టెని చొరెక్ అంటారు, అందులో మొదటి అచ్చు చుక్కల ఓ; చొరెక్ అని మామూలు ఒ పెట్టి పలికితే నాటుగా వినిపిస్తుంది. తుర్క్‌మెన్ అనే పేరులోనే మొదటి అచ్చు చుక్కల యు.

తోక సి అంటే చ, తోక ఎస్ అంటే షాపులో ష, జె అంటే జ. ఇవి తెలిసినవే కదా అని వదిలేయకండి, తెలుగులో చ, జ లకి రెండేసి ఉచ్చారణలున్నాయి. చెట్టు అన్నప్పటి చ వేరు, చాప, చుక్క అన్నప్పటి చ వేరు. జీడిపప్పులో జ వేరు, జోడులో జ వేరు. తుర్క్‌మెన్‌లో పక్కన ఏ అచ్చు ఉన్నా చెట్టు చ, జీడి జ మాత్రమే పలకాలి. చాయ్‌ని వాళ్ళూ చాయ్ అనే అంటారు, జవాబుని జొగాప్ అంటారు, ఆ జొ దగ్గర మన నోరు అలవాటు కొద్దీ జోడు వైపు జారుతుంది, జాగ్రత్త. టిక్కు జెడ్ అరుదు, టెలివిజన్‌లో జ లాంటిది, ఎక్కువగా రష్యన్ నుంచి వచ్చిన మాటల్లోనే, పత్రికని జుర్నల్ అన్నప్పుడు మొదట్లో వచ్చినట్టు. టర్కిష్ తెలిసినవాళ్ళు ఇక్కడ తికమక పడతారు, ఎందుకంటే టర్కిష్‌లో జె అక్షరం విలువే ఇక్కడ టిక్కు జెడ్‌కి ఉంది. టర్కిష్ వీడియోలు చూసి తుర్క్‌మెన్ ఉచ్చారణ నేర్చుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఎస్, జెడ్, జె, వై నాలుగూ తేడాయే.

టిక్కు ఎన్ చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. ఒకటో తరగతిలో వర్ణమాల చార్టులో తప్ప ఎక్కడా చూడని మన ఙ, ఇక్కడ రోజూ పని చేస్తుంది. ధన్యవాదాలు చెప్పాలంటే సాగ్ బొలుఙ్, సముద్రం అంటే దెఙిజ్. చివర గ వినిపించకూడదు, బొలుంగ్ అనకూడదు. గంగ అని మొదలుపెట్టి రెండో గ పలక్కముందే ఆగిపోండి.

టి, డి అక్షరాలు మన ట, డ కంటే త, ద లకే దగ్గర. డబుల్యూని మన వ లాగా పలికితే సరిపోతుంది, పై పళ్ళు కింది పెదవికి ఆనించకండి. జి మాత్రం కొంచెం రకరకాలుగా ఉంటుంది: ఇ, ఎ లాంటి ముందు అచ్చుల (నాలుక ముందుకొచ్చి పలికేవి) దగ్గర మామూలు గ, అ, ఒ, ఉ లాంటి వెనక అచ్చుల దగ్గర ఇంకా లోపలి నుంచి వస్తుంది, రెండు అచ్చుల మధ్యయితే ఉర్దూ తెలిసినవాళ్ళు గజల్ అన్నప్పుడు గొంతులో గీరుకున్నట్టు వచ్చే గ. టర్కిష్, తుర్క్‌మెన్ ఉన్న తుర్కిక్ కుటుంబంలోని చాలా భాషల్లో మాట మొదట్లో క ఉన్నచోట తుర్క్‌మెన్‌లో గ వస్తుంది, అందుకే మనం కారాకుమ్ అని చదువుకున్న ఎడారి అక్కడ గరగుమ్. 18వ శతాబ్దపు తుర్క్‌మెన్ కవి మఖ్తుమ్‌గులి పేరు చివర ఉన్న గులి, హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరులోని కులీ ఒకటే మాట. కుతుబ్ షాహీల మూలం కారా కొయున్లు అనే తుర్క్‌మెన్ తెగ కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

ఇక దీర్ఘాల దగ్గరికి వద్దాం. నిజంగా కష్టమైనది ఇదే, తెలుగువాళ్ళకి కలిసొచ్చేదీ ఇదే. ఏ, టి అని రెండక్షరాలు రాసి ఉంటే అది అత్ అయితే గుర్రం, ఆత్ అయితే పేరు. ఓ, టి రాసి ఉంటే ఒత్ గడ్డి, ఓత్ నిప్పు. డి, ఏ, తోక ఎస్ రాసి ఉంటే దష్ అంటే బయట, దాష్ అంటే రాయి. రాతలో రెండూ ఒకేలా ఉంటాయి, నోటితో ఎవరూ కలిపేయరు. ఇంగ్లీష్ మీదుగా నేర్చుకునేవాళ్ళకి ఈ తేడా వినపడటానికే టైమ్ పడుతుంది, మనకి పలు-పాలు, కల-కాల తేడాతో పెరిగిన చెవి కాబట్టి విన్న వెంటనే దొరికిపోతుంది. దొరికిన క్షణంలో నోట్‌బుక్‌లో దీర్ఘం పెట్టేసుకోండి, మళ్ళీ రాత చూస్తే ఆ సమాచారం ఉండదు. ఒక్క చుక్కల యు విషయంలో మాత్రం రాత దయ చూపిస్తుంది, దాని దీర్ఘాన్ని పక్కన గీత వై పెట్టి చూపిస్తారు. పాలు అనే మాటలో ఎస్, చుక్కల యు, గీత వై, టి ఉంటాయి, అక్కడ య పలక్కూడదు, అచ్చుని సాగదీయాలి.

వినే అవకాశం లేనప్పుడు ఒక చిన్న ఆధారం ఉంది. 'నా' అనే అర్థం తెచ్చే ప్రత్యయం చేర్చి చూడండి: నా గుర్రం అతుమ్, నా పేరు ఆదుమ్. దీర్ఘం ఉన్నచోట త కాస్తా ద అయింది, హ్రస్వం ఉన్నచోట త తగానే ఉంది. అన్ని మాటలకీ ఇది వర్తించదు కానీ ఇలాంటి జంటల్లో బాగా ఉపయోగపడుతుంది. మాట చివర గట్టిపడే అలవాటు వాళ్ళకి చాలా ఉంది: మన కితాబు అక్కడ కితాప్, జవాబు జొగాప్, హైదరాబాద్ చివర ఉన్న బాద్ వాళ్ళ రాజధాని అష్గాబాత్ చివర బాత్. ప్రత్యయం చేరగానే కితాప్‌లో ప మళ్ళీ బ అయిపోతుంది.

ప్రత్యయాల్లో అచ్చు మారడం చూసి కంగారు పడకండి. బహువచనం కొన్నిటికి లర్, కొన్నిటికి లెర్: కితాప్‌లర్, చొరెక్‌లెర్. మాటలో చివరిది వెనక అచ్చయితే లర్, ముందు అచ్చయితే లెర్. మనం బడికి అని, చెట్టుకు అని ముందున్న అచ్చుని బట్టి కి, కు మార్చుకుంటున్నాం కదా, అలాంటి పద్ధతే, కాకపోతే వాళ్ళది భాషంతా పరుచుకుని ఉంది. ఊనిక మామూలుగా చివరి అక్షరం మీద. వేగంగా మాట్లాడేటప్పుడు ల్ద్ ల్ల్ అయిపోతుంది, వచ్చాను అనడానికి గెల్దిమ్ అని రాస్తారు, వినేది గెల్లిమ్.

లిపి కథ కొంచెమే చెప్తాను, వెతుకులాటలో పనికొస్తుంది. 1920ల చివరి దాకా అరబిక్ లిపి, తర్వాత ఒక లాటిన్ లిపి, 1940 నుంచి సిరిలిక్ (రష్యన్ రాసే లిపి), సోవియట్ యూనియన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చాక 1993లో ఇప్పటి లాటిన్‌కి మొదటి రూపం. ఆ మొదటి రూపంలో తోక ఎస్ బదులు డాలర్ గుర్తు, గీత వై బదులు యెన్ గుర్తు, టిక్కు జెడ్ బదులు పౌండ్ గుర్తు పెద్దక్షరాలుగా వాడారు, నిజంగానే! కొన్నేళ్ళకే మార్చేశారు. సోవియట్ కాలపు పుస్తకాలు సిరిలిక్‌లోనే దొరుకుతాయి, ఇరాన్, అఫ్గానిస్తాన్‌లలోని తుర్క్‌మెన్లు ఇప్పటికీ అరబిక్ లిపిలో రాస్తారు, కాబట్టి ఒకే మాట మూడు లిపుల్లో కనిపిస్తే భయపడకండి.

సాధన కోసం పెద్ద పుస్తకాలేమీ అక్కర్లేదు. ఫోన్‌లో తుర్క్‌మెన్ కీబోర్డ్ చేర్చుకోండి, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2020లో ఒడియాతో పాటు ఈ భాష కూడా వచ్చింది, తుర్క్‌మెన్ వికీపీడియా ఉంది. రోజూ ఒక చిన్న పేరా తీసుకుని, చదివే ముందు ఎస్, జెడ్, వై ఉన్న చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే గట్టిగా చదవండి. చాటింగ్‌లో చాలామంది చుక్కలు, తోకలు వదిలేసి రాస్తారు, అప్పుడు మామూలు వై కనిపిస్తే అది అచ్చో యకారమో మీరే ఊహించుకోవాలి. కనీసం కొన్ని వందల మాటలు నోటికి వచ్చేదాకా మీరు మాత్రం అన్ని గుర్తులూ పెట్టే రాయండి.