సోఫా కుట్టు – 4వ పాఠం: గూడు కింద, లోపం పైన

ఈ వారం పైపింగ్, అంటే లోపల తాడు పెట్టి కుషన్ అంచు వెంట కుట్టే పట్టీ, మొదలుపెడదామనుకున్నాను. కానీ మూడో పాఠంలో దారం ఎక్కించడం, టెన్షన్ (దారం బిగువు) గురించి చెప్పాక మీరు పంపిన ఫోటోలు చూస్తే, పైపింగ్‌ని పాఠం చివరికి నెట్టక తప్పలేదు. దాదాపు అన్నిట్లోనూ ఒకటే జబ్బు. పైన కుట్టు తీరుగానే ఉంటుంది. రెక్సిన్ తిరగేస్తే కింద దారం గుంపుగా పేరుకుపోయి గూడు కట్టి ఉంటుంది.

కింది దారం చుట్టి ఉండే చిన్న చక్రం బాబిన్, ఆ దారం బిగువుని మార్చేది బాబిన్ స్క్రూ. ఉప్పల్ నుంచి ఒక అక్క రాశారు: "కింద వదులుగా ఉంది కదా అని బాబిన్ స్క్రూ బిగించానండీ. తగ్గలేదు. ఇంకాస్త బిగించాను. ఇప్పుడు దారమే తెగిపోతోంది." ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే తమ్ముడు ఒకరు అదే స్క్రూని అటూ ఇటూ తిప్పీ తిప్పీ ఊడదీసుకున్నాడు. అది గింజంత కూడా ఉండదు, నేల మీద పడితే మళ్ళీ దొరకదు. ఇప్పుడు రాణిగంజ్ వెళ్ళి స్పేర్ వెతుక్కోవాలి.

ఎవరెవరు ఆ స్క్రూ ముట్టుకున్నారో వాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాను. గూడు కింద కడితే లోపం పైదారంలో ఉంటుంది. బాబిన్ జోలికి వెళ్ళకండి.

ఎందుకో అర్థమైతే మళ్ళీ ఆ పని చేయరు. సూది అడుగుదాకా దిగి కాస్త పైకి లేవగానే దారం సూది పక్కన చిన్న ఉచ్చు కడుతుంది. కింద తిరిగే కొక్కెం (హుక్) మొన ఆ ఉచ్చుని పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పేస్తుంది. బాబిన్ మొత్తాన్ని చుట్టి రావాలి కాబట్టి ప్రతి కుట్టుకీ పైదారం చాలా పొడవు కిందకి దిగుతుంది. కుట్టులో ఖర్చయ్యేది మాత్రం కొన్ని మిల్లీమీటర్లే. మిగిలినదాన్ని వెనక్కి పైకి లాగేది టేకప్ లివర్, అదే తల దగ్గర పైకీ కిందకీ ఆడే చేయి.

ఇక్కడే అసలు సంగతి ఉంది. లివర్ లాగినప్పుడు దారం రెండు వైపుల నుంచి రావచ్చు. కింద మిగిలిన వదులు నుంచి రావచ్చు, పైన పెట్టిన దారపు కండె, అంటే కోన్ నుంచీ రావచ్చు. పైదారాన్ని మధ్యలో నొక్కిపట్టే టెన్షన్ బిళ్ళలు కోన్ వైపు దారాన్ని గట్టిగా పట్టుకుంటేనే కింద ఉన్నది పైకి వస్తుంది. బిళ్ళల పట్టు లేకపోతే లివర్ కోన్ నుంచే కొత్త దారం లాక్కుంటుంది, అదే దానికి తేలిక. కింద వదులు కిందే ఉండిపోతుంది. తర్వాతి కుట్టు వదులు దాని మీద పడుతుంది. అలా నాలుగు కుట్లకే గూడు తయారవుతుంది. ఇందులో బాబిన్ దారం చేసిన తప్పేమీ లేదు.

బిళ్ళలు ఎందుకు పట్టలేదో వెతకాలి. ఎక్కువమంది చేసేది ఫుట్ (సరుకుని నొక్కిపట్టే పాదం) కిందకి దించి ఉంచి దారం ఎక్కించడం. ఫుట్ దిగి ఉంటే బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దూరదు, అంచు మీదే ఆగిపోతుంది. ఫుట్ ఎత్తండి, దారాన్ని రెండు చేతులతో పట్టుకుని బిళ్ళల మధ్యకి దింపండి.

కూకట్‌పల్లి నుంచి వచ్చిన ప్రశ్న ఇంకో రకం. ఆయన దారం సరిగ్గానే ఎక్కించారు. కుట్టు కాసేపు బాగుంటుంది, కాసేపు గూడు కడుతుంది. వీడియో పంపమన్నాను. చూస్తే మోకాలి లిఫ్ట్ గొలుసు బిర్రుగా ఉంది, పైగా కుడుతున్నంతసేపూ మోకాలు ప్యాడ్‌కి ఆనుకునే ఉంది. మోకాలితో ఫుట్ ఎత్తినప్పుడు బిళ్ళలు విడిపోయి దారాన్ని వదిలేస్తాయి. అలా వదలడం అవసరమే, లేకపోతే పని బయటకి తీయలేం. కానీ గొలుసు బిర్రుగా ఉంటే ఫుట్ ఎత్తినట్టు కనబడకుండానే బిళ్ళలు సగం తెరుచుకుంటాయి. గొలుసులో కొంచెం వదులు ఉండేలా సర్దుకోండి. ప్యాడ్‌ని మీ మోకాలికి నాలుగు వేళ్ళ దూరంలో బిగించుకోండి. టేబుల్ ఎత్తు మీకు సరిపడకపోతే ఈ సమస్య మళ్ళీ మళ్ళీ వస్తుంది.

బిళ్ళల మధ్య తెగిన దారం ముక్క ఇరుక్కున్నా ఇదే జరుగుతుంది. దారం టేకప్ లివర్ కన్నంలోంచి పోకపోయినా అంతే.

కుట్టు మొదట్లోనే గూడు వచ్చి తర్వాత బాగుంటే అది టెన్షన్ కాదు. మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలు నాలుగు అంగుళాలు వదిలి, వాటిని ఫుట్ వెనక వైపుకి లాగి, మొదటి మూడు కుట్లదాకా వేళ్ళతో పట్టుకోండి.

స్క్రూడ్రైవర్ తీసే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. స్విచ్ ఆపండి. మీది క్లచ్ మోటార్ అయితే స్విచ్ ఆపాక కూడా అది కాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ సమయంలో పెడల్ తగిలితే సూది దిగుతుంది, కాబట్టి పూర్తిగా ఆగేదాకా వేళ్ళు అటు పెట్టకండి. ఫుట్ దించండి. సూది దగ్గర దారాన్ని పట్టుకుని మెల్లగా లాగండి. సూది కొంచెం వంగేంత పట్టు తెలియాలి. ఇప్పుడు ఫుట్ ఎత్తి లాగండి, దారం అడ్డం లేకుండా జారిపోవాలి. దించినా ఎత్తినా ఒకేలా జారితే జబ్బు దొరికినట్టే, అది బిళ్ళల్లో ఉంది.

ఇంకొకటి. బాబిన్ కూర్చునే డబ్బీని దారంతో వేలాడదీసి, ఊపితే కొంచెం దిగాలని వీడియోల్లో చూపిస్తారు. అది డబ్బీ బయటకి వచ్చే మెషీన్లకి. జుకి 1541 తరహా, ఫుట్ కూడా సరుకుని ముందుకి నడిపే వాకింగ్ ఫుట్‌లో హుక్ నిలువు ఇరుసు మీద తిరుగుతుంది, బాబిన్ పైనుంచి అందులోకి దిగుతుంది, వేలాడదీయడానికి చేతికి డబ్బీ రాదు. వేలితో లాగి చూసుకోవడమే. స్క్రూ తప్పనిసరిగా తిప్పాల్సి వస్తే ముందు మార్కర్‌తో గీత పెట్టుకుని, పావు చుట్టు కంటే తక్కువే తిప్పండి.

కుట్టు సరిపోయిందో లేదో చూడాలంటే పైన ఎరుపు, కింద నలుపు దారం పెట్టి, మీరు కుట్టబోయే సరుకు ముక్క మీదే, అన్నే పొరలతో కుట్టండి. కింద నల్ల దారం తీగలా చాపుగా పడి ఎరుపు దానికి చుట్టుకుంటే పైటెన్షన్ తక్కువ. పైన ఎరుపు చాపుగా ఉండి నల్ల చుక్కలు కనబడితే ఎక్కువ. రెండూ పొరల మధ్య కలవాలి.

సూది, దారం లెక్క ముందే చెప్పాను, మళ్ళీ క్లుప్తంగా. సూది రకం (సిస్టమ్) 135×17. దారం లావుని టెక్స్‌లో చెబుతారు. టెక్స్ 70 బాండెడ్ నైలాన్‌కి 18 నంబరు సూది, టెక్స్ 135కి 22. దర్జీ మెషీన్ సూది వేయకండి, అది పొట్టిది, కాడ సన్నం, హుక్‌కి అందదు. బాల్కనీ ఉయ్యాల, ఫామ్‌హౌస్ కుర్చీల వంటి ఎండలో ఉండేవాటికి నైలాన్ వద్దు, పాలిస్టర్ వాడండి. ఎండకి నైలాన్ త్వరగా బలహీనపడుతుంది. కుట్టు పొడవు రెక్సిన్‌కి నేను 4 మిల్లీమీటర్లకి తక్కువ పెట్టను. కన్నాలు దగ్గరదగ్గరగా పడితే రెక్సిన్ ఆ గీత వెంట తపాలా బిళ్ళలా చిరిగిపోతుంది.

ఇక పైపింగ్. 5 మిల్లీమీటర్ల తాడు తీసుకుంటే దాని చుట్టుకొలత దాదాపు 16. రెండు వైపులా మార్జిన్ 12 చొప్పున కలిపితే పట్టీ వెడల్పు 40 మిల్లీమీటర్లు. గుడ్డ అయితే క్రాస్ కటింగ్ (ఏటవాలుగా కోయడం), రెక్సిన్‌కి అడ్డంగా నేరుగా కోసినా చాలు. 20 అంగుళాల చదరపు కుషన్ చుట్టూ 80 అంగుళాలు, పైనా కిందా రెండు వరుసలకి 160. 54 అంగుళాల పన్నా రెక్సిన్‌లో మూడు పట్టీలకి 162 వస్తుంది కదా అనుకోకండి, అతుకులూ చివరి మడతా ఆ రెండు అంగుళాలూ మింగేస్తాయి. నాలుగు కోయండి. పైపింగ్ ఫుట్ గాడి తాడు కొలతకి సరిపోవాలి, పెద్ద గాడిలో తాడు అటూ ఇటూ కదిలి కుట్టు వంకరపోతుంది. మొదటిసారి తాడుకి కొంచెం దూరంగా కుట్టండి. కుషన్‌కి కలిపేటప్పుడు రెండో కుట్టు తాడుకి ఆనుకుని పడాలి, అప్పుడు మొదటి కుట్టు లోపలే దాగిపోతుంది. మూల దగ్గర మార్జిన్‌లో మూడు గాట్లు పెట్టండి, కుట్టుదాకా కాకుండా 3 మిల్లీమీటర్ల ముందే ఆపండి. సూది దించి ఉంచి, ఫుట్ ఎత్తి, తిప్పండి. అతుకు ఎప్పుడూ వెనక వైపు మధ్యలో రావాలి, మూలలో పెట్టకండి.

అభ్యాసం: దారం మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించడం వరసగా పదిసార్లు, ప్రతిసారీ లాగి చూసే పరీక్షతో. తర్వాత రెండు రంగుల దారంతో, మూడు పొరల రెక్సిన్ మీద పది గీతలు, ఒక్కోటి అడుగు పొడవు. ఆ తర్వాత 20 అంగుళాల కుషన్‌కి ఒక వరుస పైపింగ్, నాలుగు మూలలతో. ఫోటో పంపేటప్పుడు కింది వైపుది పంపండి, పైది అక్కర్లేదు. మూల తిప్పిన చోట కింద ఎరుపు కనబడితే ఆ వరుస విప్పి మళ్ళీ కుట్టాకే పంపండి.