అకౌంటింగ్ ప్రోగ్రామ్ నుంచి తప్పనిసరి విత్‌డ్రాయల్ నోటీసు వస్తే అప్పీల్ ఎలా చేయాలి?

ప్రోగ్రామ్ నుంచి తొలగించామని చెప్పే ఈ నోటీసు వచ్చిన రోజు చాలామంది బాధలో రిజిస్ట్రార్‌కి పొడవాటి ఈమెయిల్ రాసేస్తారు. ఆ ఈమెయిల్ ఫైల్లో చేరి, తర్వాత అప్పీల్ కమిటీ ముందుకు కూడా వెళ్తుంది. అందులో "ఈసారి సరిగా చదవలేకపోయాను" అని ఉండి, రెండు వారాల తర్వాత అప్పీల్లో "పరీక్ష ముందు ఆసుపత్రిలో ఉన్నాను" అని ఉంటే, రెండోది నిజమే అయినా నమ్మడం కష్టం. అందుకే మొదటి రోజు ఒక్క వాక్యం చాలు: "నోటీసు అందింది, గడువులోగా స్పందిస్తాను."

1. నోటీసు చదివి, గడువు లెక్క కట్టండి

మిమ్మల్ని ఏ నిబంధన కింద తొలగించారు, ఎప్పటి నుంచి, అప్పీల్ ఎవరికి ఏ తేదీలోగా పంపాలి అన్నవి గుర్తించండి. నిబంధన నంబర్ లేకపోతే రాతపూర్వకంగా అడగండి. ఏ నిబంధనో తెలియకుండా రాసిన అప్పీల్ గురి లేని బాణమే. గడువును నోటీసు తేదీ నుంచి లెక్కించాలా, అందిన తేదీ నుంచా? సెలవు రోజులు కలుస్తాయా? హ్యాండ్‌బుక్‌లో చూడండి. ఆన్‌లైన్‌లో పంపేదైతే సంస్థ ఉన్న చోటి సమయమే లెక్కలోకి వస్తుందనుకుని సిద్ధపడండి.

అదే రోజు మీ విద్యార్థి ఖాతాలో ఉన్నవన్నీ దించుకోండి: మాడ్యూల్ ఫలితాలు, రిజిస్ట్రేషన్ రసీదులు, ప్రత్యేక సదుపాయాలకు అనుమతి లేఖలు, ఫిర్యాదుల టికెట్ నంబర్లు, మీరు చేరినప్పుడు అమల్లో ఉన్న హ్యాండ్‌బుక్. ఖాతా మూసేశాక వీటిని తెచ్చుకోవడానికే గడువు కరిగిపోతుంది.

2. ఏ కారణంతో తొలగించారో తేల్చుకోండి

ఎక్కువగా కనిపించే కారణాలు: అనుమతించిన అటెంప్ట్‌లు అయిపోవడం, ప్రోగ్రామ్ పూర్తి చేయాల్సిన కాలం దాటడం, ఫీజు బకాయి, ప్రవర్తన. కెనడా సీపీఏ (చార్టర్డ్ ప్రొఫెషనల్ అకౌంటెంట్) ప్రోగ్రామ్‌లో మూడు రోజుల ఉమ్మడి తుది పరీక్షను 3 అటెంప్ట్‌లలో పాస్ కావాలి. బ్రిటన్‌కు చెందిన అకౌంటెంట్ల సంస్థ ఏసీసీఏలో స్ట్రాటజిక్ ప్రొఫెషనల్ (చివరి స్థాయి) పేపర్లకు 7 ఏళ్ల పరిమితి ఉంది. అది దాటితే మనిషిని బయటికి పంపరు, పాత పాస్ చెల్లకుండా పోయి ఆ పేపర్ మళ్లీ రాయాలి. ప్రోగ్రామ్ కాలం దాటడాన్నీ, పాస్ గడువు తీరడాన్నీ "టైమ్ అయిపోయింది" అనే అంటాం కానీ, సంస్థను అడగాల్సింది వేరు.

కాపీ కొట్టడం లాంటి ప్రవర్తన ఆరోపణైతే అది క్రమశిక్షణ విచారణ. దాని నియమాలు వేరు, ఈ దారిలో దాన్ని కలపకండి.

3. సరైన దారి ఎంచుకోండి

జవాబు పత్రం మళ్లీ పరిశీలించమనడం, తొలగింపుపై అప్పీల్, గడువు పొడిగింపు, కొంతకాలం తర్వాత పునఃప్రవేశం. ఇవి నాలుగూ వేర్వేరు దరఖాస్తులు, చాలాసార్లు గడువులూ వేర్వేరు. అప్పీల్ లేఖ మీద కూర్చుని మార్కుల పరిశీలన గడువు దాటించుకోవడం తరచూ జరిగే పొరపాటు. చివరి అటెంప్ట్ అంచుల్లో పోయిందనుకుంటే రెండూ వేయండి. అయితే పునఃపరిశీలనలో ఫలితం మారడం అరుదు, దాని మీదే ఆధారపడకండి.

4. అటెంప్ట్‌ల లెక్క సరిచూడండి

ఇక్కడ కాస్త సమయం పెట్టండి. బ్యాంకు రికన్సిలియేషన్ చేసినట్టే, ఒకవైపు సంస్థ రికార్డు, మరోవైపు మీ రసీదులు పెట్టి వరుసకో అటెంప్ట్ రాయండి: మాడ్యూల్, రిజిస్టర్ చేసిన తేదీ, తప్పుకున్న తేదీ, పరీక్ష తేదీ, హాజరయ్యారా లేదా, ఫలితం. తేడా వచ్చేది ఎక్కువగా ఈ చోట్లే: గడువులోగా తప్పుకున్నా గైర్హాజరుగా నమోదు కావడం, వాయిదాకు అనుమతి ఇచ్చిన పరీక్షను ఫెయిల్‌గా లెక్కించడం, పాత నిబంధన కింద రాసినదాన్ని కొత్త నిబంధనతో కొలవడం. అలాంటి తేడా దొరికితే కష్టాల గురించి ఒక్క మాటా రాయనక్కర్లేదు. రెండు కాగితాలు జతచేసి లెక్క సరిచేయమంటే చాలు.

5. అప్పీల్‌కు ఆధారం ఏమిటి?

లెక్క సరిగ్గానే ఉంటే మిగిలే ఆధారాలు: సంస్థ తన విధానాన్నే పాటించకపోవడం, నిబంధనను తప్పుగా వర్తింపజేయడం, లేదా మీ చేతిలో లేని పరిస్థితి. మూడోది ఎంచుకుంటే కమిటీ నాలుగు ప్రశ్నలు వేస్తుంది. ఆ పరిస్థితి ముందే ఊహించగలిగేదా? దాని తేదీలు పరీక్ష తేదీలతో కలుస్తున్నాయా? ఆ అటెంప్ట్‌పై ఎలా ప్రభావం చూపింది? అప్పుడే ఎందుకు చెప్పలేదు?

నాలుగో ప్రశ్న దగ్గరే ఎక్కువ అప్పీళ్లు పడిపోతాయి. పరీక్ష గదిలో కూర్చున్నారంటే ఆరోగ్యంగా ఉన్నట్టు ఒప్పుకున్నట్టేనని కొన్ని సంస్థల నిబంధన. మీరు జబ్బుతోనే రాసి ఉంటే, వాయిదా ఎందుకు అడగలేకపోయారో ఆధారంతో చెప్పాలి.

ఆడిట్ సీజన్‌లో పని ఎక్కువ, పేపర్ కఠినం, ఫీజు చాలా కట్టాను, ఇంట్లో ఆశలు పెట్టుకున్నారు. ఇవి నిజమైన బాధలే, కానీ వాటంతట అవే ఆధారాలు కావు. పని ఒత్తిడి ఈ వృత్తిలో అందరికీ ఉన్నదే కాబట్టి దాన్ని ఊహించని పరిస్థితిగా కమిటీ లెక్కించదు.

6. రుజువులు

డాక్టర్ లేఖలో ఏ తేదీల్లో చికిత్స జరిగింది, ఏకాగ్రత, నిద్ర, కూర్చోగలగడం ఎంత దెబ్బతిన్నాయి అన్నవి ఉండాలి. జబ్బు వివరాలన్నీ అక్కర్లేదు. "రోగి తనకు అప్పట్లో ఒంట్లో బాగోలేదని చెబుతున్నారు" అన్న లేఖకు విలువ తక్కువ, ఆనాటి రికార్డుల ఆధారంగా రాయమనండి. కుటుంబంలో మరణమైతే మరణ ధ్రువపత్రంతో పాటు బంధుత్వం తెలిపే కాగితం. వేరే భాషలో ఉన్నవాటికి ధ్రువీకరించిన అనువాదం. పరీక్ష రోజు కంప్యూటర్ ఆగిపోతే టికెట్ నంబర్, సమయం కనిపించే స్క్రీన్‌షాట్ పెట్టి, ఇన్విజిలేటర్ నివేదిక ప్రతి ఇవ్వమని అడగండి.

దిద్దిన తేదీలు, అరువు తెచ్చిన సర్టిఫికెట్లు వద్దు. దొరికితే పోయేది ఈ అప్పీల్ ఒక్కటే కాదు. సభ్యత్వానికి సత్ప్రవర్తన అడిగే వృత్తి ఇది.

7. లేఖ రాయడం

రెండు పేజీలు దాటనివ్వకండి. మొదటి పేరాలోనే ఏం కావాలో చెప్పండి, ఉదాహరణకు:

"నేను హాజరు కాలేకపోయిన అక్టోబర్ 6 నాటి మూడో అటెంప్ట్‌ను లెక్కలోంచి తీసేయాలని కోరుతున్నాను. అది వీలుకాకపోతే ఒక అదనపు అటెంప్ట్ ఇవ్వగలరు. అక్టోబర్ 2 నుంచి 9 వరకు నేను ఆసుపత్రిలో ఉన్నాను (అనుబంధం 1)."

ఇలా పెద్ద కోరిక, అది కుదరకపోతే చిన్న కోరిక. కమిటీకి అవునో కాదో తప్ప మరో దారి లేకుండా చేయకండి. తర్వాత తేదీల వారీగా జరిగింది, ప్రతి వాక్యం పక్కన అనుబంధం నంబర్. ఆపైన అది హ్యాండ్‌బుక్‌లోని ఏ నిబంధన కిందికి వస్తుందో చెప్పండి.

చివరి పేరాను చాలామంది వదిలేస్తారు: ఈసారి ఏం మారింది? "కష్టపడి చదువుతాను" అంటే కమిటీ దాన్ని దేనితోనూ తూచలేదు. "12 వారాలు, వారానికి 12 గంటలు, చివరి మూడు వారాలు సెలవు (యజమాని లేఖ అనుబంధం 4), రెండుసార్లు బలహీనంగా వచ్చిన ట్యాక్స్‌లో వారానికి రెండు కేస్ ప్రశ్నలు సమయం పెట్టుకుని రాస్తాను" అంటే తూచగలదు.

8. పంపడం

అన్నీ ఒకే పీడీఎఫ్‌లో, పేజీ నంబర్లతో. ఫీజు ఉంటే అదే రోజు కట్టండి. ఫీజు అందకపోతే అప్పీలే అందలేదనే సంస్థలున్నాయి. డాక్టర్ లేఖ రాకపోయినా గడువు దాటనివ్వకండి. "అనుబంధం 2 ఫలానా తేదీకి పంపుతాను, అనుమతించగలరు" అని రాసి దాఖలు చేయండి. అప్పీల్ నడుస్తుండగా తర్వాతి మాడ్యూల్‌లో చేరనిస్తారా అన్నది విడిగా అడగాలి, అది దానంతట అదే జరగదు.

మౌఖిక విచారణ ఉంటే ఐదు నిమిషాల్లో చెప్పగలిగేలా తయారవ్వండి. పరీక్షకుల మీద నింద వద్దు.

9. ఎదురుచూసేటప్పుడు, ఆ తర్వాత

మీ ఉద్యోగ ఒప్పందం విద్యార్థి హోదాకు ముడిపడి ఉంటే యజమానికి మీరే ముందు చెప్పండి. హోదా పోయినట్టయితే ఈమెయిల్ సంతకంలో, ప్రొఫైళ్లలో "క్యాండిడేట్" అన్న పదం తీసేయండి. లేని హోదా వాడుకోవడం మరో ఫిర్యాదుకు దారి. ఈ కాలపు పని అనుభవం లెక్కలోకి వస్తుందో లేదో కూడా కనుక్కోండి.

అప్పీల్ కొట్టేస్తే కారణాలు రాతపూర్వకంగా తీసుకోండి. పై స్థాయి అప్పీల్ ఉంటే దాని గడువు ఆ లేఖతోనే మొదలవుతుంది. కోర్టుకు వెళ్లాలనుకుంటే ముందు వకీలును అడగండి. కోర్టులు సాధారణంగా విధానం న్యాయంగా నడిచిందా అని చూస్తాయి తప్ప మీ జవాబు పత్రాన్ని దిద్దవు.

పునఃప్రవేశం మిగిలితే, డబ్బు కట్టేముందే వీటికి రాతపూర్వక జవాబు తీసుకోండి: పాసైన మాడ్యూళ్లు చెల్లుతాయా, ఏ సిలబస్ వర్తిస్తుంది, అటెంప్ట్‌ల లెక్క సున్నా నుంచి మొదలవుతుందా, పాత అనుభవం నిలుస్తుందా.