రాతి వంటగట్టును ఎలా చూసుకోవాలి?

పర్లాకిమిడిలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు స్టవ్ వైపు టెక్కలి నుంచి తెచ్చిన గ్రానైట్, కిటికీ కింద మిగిలిన తెల్ల మార్బుల్ ముక్క వేయించాం. మొదటి వేసవిలోనే ఆవకాయ ముక్కలు ఆ మార్బుల్ మీద పోశాను. సాయంత్రానికి ముక్క ఆనిన చోటల్లా మసక మచ్చలు. మరకే కదా అని నిమ్మచెక్కతో రుద్దితే మచ్చ అరచేయంత అయింది. మా ఒడియా మేస్త్రీ చూసి "ఖటా" అని ఒక్క మాటలో తేల్చేశాడు. అంటే పులుపు.

కాబట్టి ముందు మీది ఏ రాయో తేల్చుకోండి. కనపడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి, ఐదు నిమిషాలాగి తుడవండి. మెరుపు పోయిందంటే మార్బుల్, లేదా సున్నపురాయి జాతి. వీటిలో ఉండే కాల్షియం కార్బొనేట్‌ను పులుపు కరిగిస్తుంది. అది పైన పడ్డ మరక కాదు, రాయే తరిగిపోవడం. ఎంత తోమినా పోదు, పాలిష్ పట్టించాల్సిందే. గ్రానైట్‌కి ఆ బెంగ లేదు. సన్నికల్లు మీద ఏళ్ల తరబడి చింతకాయ నూరడం లేదా!

రోజూ చేయాల్సింది కొంచెమే. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ కలిపి మెత్తని బట్టతో తుడిచి, మళ్లీ ఉత్త నీళ్లతో, చివర పొడి బట్టతో తుడవాలి. తడి వదిలేస్తే బోరునీళ్ల తెల్ల చారలు కడతాయి. స్టీల్ పీచు, వెనిగర్, బాత్రూమ్ యాసిడ్ ఏ రాతి మీదా వద్దు.

గ్రానైట్‌కి అసలు శత్రువు నూనె. నూనె మరక దిగితే వంటసోడాను నీళ్లతో గారెల పిండంత గట్టిగా కలిపి, పావు అంగుళం మందాన పట్టించండి. పైన ప్లాస్టిక్ కవరు కప్పి అంచులకు టేపు వేసి 24 గంటలు వదిలేయండి. తర్వాత కవరు తీసి, బాగా ఎండనిచ్చి చెక్క గరిటెతో గీకేయండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ వేయండి.

పసుపు మరకకు మాత్రం సోడా పెట్టకండి, ఎర్రబడి టెన్షన్ పెడుతుంది. లేత రంగు రాయి అయితే మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ముందు ఒక మూల చూసి, తర్వాత దూదితో అద్దండి. ముదురు రాయికి వద్దు, రంగు వెలిసిపోవచ్చు. కిటికీ ఎండ తగిలే చోటైతే పసుపు దానంతటదే తగ్గుతుంది.

సీలర్, అంటే మరక లోపలికి ఇంకకుండా రాతికి పూసే ద్రవం, కావాలా? గట్టు మీద చెంచాడు నీళ్లు పోసి పావుగంట చూడండి. రాయి నల్లబడితే కావాలి, లేకపోతే డబ్బు దండగ. వేసేముందు గట్టు ఒక రోజంతా ఆరాలి. డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, మిగిలింది ఆరకముందే తుడిచేయాలి, లేదంటే జిగురులా పేరుకుంటుంది. ఒక్క మాట: సీలర్ మరకల్ని ఆపుతుంది కానీ మార్బుల్‌ని పులుపు నుంచి కాపాడలేదు. అమ్మేవాళ్లు ఇది చెప్పరు.

వేడి కుక్కర్ కింద చుట్టకుదురు పెట్టండి. సింకు, స్టవ్ కోసం కోసిన చోట రాయి సన్నగా ఉంటుంది, అటక మీద సామాను దించడానికి అక్కడ ఎక్కి నిలబడకండి.

మా మార్బుల్‌కి మేస్త్రీ వచ్చి పాలిష్ పట్టాడు. ఇప్పుడు ఆవకాయ పనంతా నేల మీదే, పాత చీర పరిచి.