వెనిస్‌లో రెస్టారెంట్ దారి వెతుక్కునేవారికి

చెన్నై నుంచి వెనిస్ వెళ్లే మన తెలుగువారు అక్కడ రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేసుకునేటప్పుడు, చిరునామాతో పాటు దగ్గరలోని కాంపో, అంటే కూడలి పేరును, వాపొరెత్తో అనే జలబస్సు ఆగే రేవు పేరును కూడా తప్పక అడిగి రాసుకోవాలి. చాలా చిరునామాల్లో ఊరిలోని ఆరు పేటల్లో ఒకదాని పేరు, దాని పక్కన ఒక నంబరు మాత్రమే ఉంటాయి. ఆ నంబర్లు వీధివారీగా కాక పేట మొత్తానికీ సాగుతాయి కనుక, కాస్తెల్లో పేటలో అవి 6000 దాటిపోతాయి. పాత నంబరు, కొత్త నంబరు రెండూ చూసి ఇల్లు పట్టుకునే మైలాపూరు అలవాటు అక్కడ చాలదు. వీధి పేరు తెలిసినా పేట పేరును వదలకూడదు, ఎందుకంటే కాల్లె దెల్ ఫోర్నో అనే సందులు ఒకటి కంటే ఎక్కువ పేటల్లో ఉన్నాయి.

ఎత్తైన గోడల మధ్య, ఫోన్ మ్యాప్‌లో మనమున్న చోటు చూపే నీలిచుక్క పక్క సందులోకి జరిగిపోతుంది. దాన్నే నమ్మి నడిస్తే, నేరుగా కాలువ నీళ్ల దగ్గర ఆగిపోయే సందులో తేలవచ్చు. అందుకే గోడల మీది పసుపు పలకలపై రియాల్తో వంతెన, సాన్ మార్కో కూడలి వైపు చూపే బాణాలను అనుసరించి కాంపో దగ్గరికి చేరి, అక్కడి నుంచి వంతెనలు లెక్కపెట్టుకుంటూ వెళ్లడం మేలు. దాదాపు అన్ని వంతెనలకూ మెట్లుంటాయి కనుక, పెద్దవాళ్లు వెంట ఉంటే ఇంకాస్త ముందుగా బయలుదేరాలి.