సోలార్ హీటర్ ఉన్నా కరెంటు బిల్లు ఎందుకు తగ్గట్లేదు?

మిద్దె మీద సోలార్ పెట్టించుకుని కూడా వేడినీళ్లకు కరెంటు కాలుతోందంటే, మొదట చూడాల్సింది బ్యాకప్ స్విచ్ (సోలార్ ట్యాంకులోని కరెంటు కాయిల్‌ను నడిపేది) ఏ వేళకు వేస్తున్నారన్నది.

ఎండ బాగానే ఉంది, బిల్లు మాత్రం ఎక్కువ

స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటోంది. పొద్దున స్నానాలయ్యాక ట్యాంకులోకి చన్నీళ్లు దిగగానే, నీళ్ల వేడిని బట్టి పనిచేసే థర్మోస్టాట్ కాయిల్‌ను ఆన్ చేస్తుంది, మధ్యాహ్నానికి ఎండ ఉచితంగా కాచిపెట్టే నీళ్లను మీరు పొద్దున్నే డబ్బులిచ్చి కాచుకుంటున్నారన్నమాట. రాత్రి పడుకునే ముందు వేయడమూ దండగే, తెల్లారేలోపు కొంత వేడి పోతుంది. స్నానానికి ముందు వేసి, స్నానాలు మొదలవగానే ఆపేయండి. వేడినీళ్లు ట్యాంకులో పైన ఉంటాయి, కొత్తగా వచ్చే చన్నీళ్లు అడుగున చేరతాయి, కాబట్టి వెంటనే చల్లబడిపోతాయన్న టెన్షన్ అక్కర్లేదు.

లెక్క సులువే. 100 లీటర్లను 20 డిగ్రీలు పెంచడానికి దాదాపు 2.3 యూనిట్లు కావాలి, అంటే 2 కిలోవాట్ల కాయిల్‌కు గంటా పది నిమిషాలు. 200 లీటర్ల ట్యాంకయితే దానికి రెట్టింపు. దర్శనానికని చుట్టాలు దిగి అందరూ తెల్లవారుజామున మూడింటికే స్నానాలు చేస్తామన్నా ఈ లెక్కతోనే టైమర్ పెట్టుకోవచ్చు. 2 కిలోవాట్లంటే 9 ఆంపియర్ల దాకా లాగుతుంది, అందుకని 16 ఆంపియర్ల టైమరే కొనండి.

నవంబరు, డిసెంబరుల్లో నీళ్లు వేడెక్కవు

తిరుపతి, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల ముసురు అప్పుడే కదా, బ్యాకప్ అవసరం నిజంగా ఉండేది ఆ రోజుల్లోనే. అలాగని అలవాటుగా వేసేయకండి. సాయంత్రం కొళాయి తిప్పి, పైపులో నిలిచిన నీళ్లు పోనిచ్చి చెయ్యి పెట్టి చూడండి, బాగా వేడిగా ఉంటే పొద్దున స్నానానికి అవే చాలు. ఎండ కాసిన రోజు కూడా నీళ్లు కాగట్లేదంటే నీడ చూడండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు, వేసవిలో అడ్డురాని పక్కింటి కొత్త అంతస్తు నీడ ఇప్పుడు ఎండకు నీళ్లు కాగే ట్యూబుల మీద పడుతుండొచ్చు.

ట్యాంకు వేడిగానే ఉంది, కొళాయిలో గోరువెచ్చగా వస్తోంది

ఇది చాలామంది పట్టుకోలేరు, అనవసరంగా బ్యాకప్ వేస్తుంటారు. ఏదో ఒక బాత్రూంలో మిక్సర్ (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే కొళాయి) రెండువైపులా తెరిచి, హ్యాండ్ షవర్ దగ్గర మాత్రం కట్టేసి ఉంటే, చన్నీళ్లు మిక్సర్‌లోంచి వేడినీళ్ల పైపులోకి జొరబడతాయి. ఆ బాత్రూం చన్నీళ్ల వాల్వ్ కట్టి, ఇంకోచోట వేడి కొళాయి తిప్పండి. ఇప్పుడు కాగిన నీళ్లు వస్తే దొంగ దొరికినట్టే. నీళ్లను ఒకవైపే పోనిచ్చే నాన్-రిటర్న్ వాల్వ్ వేయిస్తే సరిపోతుంది.

స్విచ్ వేసినా వేడెక్కట్లేదు

ఎం.సి.బి. (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) బాగానే ఉంటే కాయిల్ కాలిపోయి ఉండాలి, లేదా థర్మోస్టాట్ కటాఫ్ అయి ఉండాలి. బోరు నీళ్లున్న ఇళ్లలో కాయిల్ బయటికి తీయించి చూడండి, గోరుతో గీకితే పెళుసుగా రాలే తెల్లటి పొర చుట్టూ పట్టి ఉంటుంది. ఆ పొర వల్ల కాయిల్ వేడి నీళ్లకు సరిగా అందక లోపలే ఎక్కువై, చివరికి కాలిపోతుంది. ఏడాదికోసారి శుభ్రం చేయించండి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయినప్పుడు మాత్రం స్విచ్ అస్సలు వేయొద్దు.

కొళాయి ముట్టుకుంటే జిల్లుమంటే మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఎర్తింగ్ చూపించేదాకా ఆ నీళ్ల జోలికి ఎవర్నీ వెళ్లనివ్వకండి.