పర్ర నేలలో పాత ఉప్పు మడుల జాడ తీయడం

ఉప్పు తన జాడను తానే చెరిపేసుకుంటుంది. తొలి వానకే కరిగిపోతుంది. అందువల్ల నెల్లూరు జిల్లా ఇసకపల్లి చుట్టుపక్కల పర్రల్లో, అంటే సముద్రపు ఒడ్డు ఉప్పు బీళ్లలో గానీ, ప్రకాశం జిల్లా ఉప్పుగుండూరుకు తూర్పున గానీ కాకతీయుల, రెడ్డిరాజుల కాలపు ఉప్పు పనిని వెతకదలచినవారు, దాన్ని పండించడానికి మనుషులు మట్టిని మలచిన తీరును చూడాలి.

ముందు ఇప్పటి మడుల దగ్గర ఒక పూట గడపడం మంచిది. పెద్ద మడిలోకి చేరిన ఉప్పునీరు ఎండకు చిక్కబడుతూ చిన్న మడులకు మారి, తొక్కి గట్టిపరిచిన బంకమట్టి మీద గడ్డకడుతుంది. కాలువ, పెద్ద మడి, చిన్న మడులు, కుప్ప పోసే మెరక అనే ఈ వరుస కంటికి అలవాటైతే, పాడుబడిన చోట కూడా దాన్ని పోల్చుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దు పొడిచిన వెంటనే వెళ్తే, బెత్తెడు ఎత్తు గట్టుకు కూడా నీడ పడుతుంది.

అసలు చిక్కు కాలనిర్ణయంలో ఉంది. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందకు తెచ్చుకుంది కనుక, తిన్నని గీతల్లో, ఆవరణ కట్టినట్టు కనిపించే మడులను ముందుగా ఆ తరువాతి కొఠారులుగానే (ఉప్పు పండించి నిల్వచేసే ఆవరణలుగానే) అనుమానించాలి. ఉప్పుటేటి వంపును అనుసరించే గట్లు పాతవి కావచ్చు, కానీ వంపు ఒక్కటే రుజువు కాదు. పందొమ్మిదో శతాబ్దపు బకింగ్‌హాం కాలువ ఒక గట్టును నడుమ తెంపుకుంటూ పోయి, దాని కొనసాగింపు అవతలి ఒడ్డున కనిపిస్తే, ఆ గట్టు కాలువ కంటే ముందుదని ధైర్యంగా చెప్పవచ్చు. నా దృష్టిలో ఇంతకు మించిన నమ్మకమైన గుర్తు పైపైన చూస్తే దొరకదు.

మడుల్లో ఎండబెట్టకుండా, చవిటి మట్టిని నీళ్లతో వడగట్టి ఆ నీటిని కాచి ఉప్పు తీసిన చోట ఆనవాళ్లు వేరు: పిప్పి మట్టి దిబ్బ, బూడిద, కాలిన మట్టి గడ్డలు, మసిబారిన కుండ పెంకులు. రొయ్యల చెరువు తవ్విపోసిన దిబ్బను చూసి భ్రమపడకూడదు. అందులో బూడిద పొర ఉండదు. 1990ల నుంచి ఆ చెరువులు ఎన్నో పర్రలను తిరగేశాయి కాబట్టి, అంతకుముందు అచ్చయిన సర్వే పటాలను వెంట ఉంచుకోవాలి. ఉప్పళం, కొఠారు అన్న పేర్లతో పిలిచే పొలాలను ఊరి పెద్దలను అడిగి ఆ పటాల మీద గుర్తించాలి.

పెంకు కనబడితే పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీసి, చోటు రాసుకుని, అక్కడే వదిలి, పురావస్తు శాఖకు తెలపాలి. పొర నుంచి ఊడిన పెంకు తన కాలాన్ని సగమే చెప్పగలదు.