గోల మీద అరవకండి మేస్టారూ!

బడులు తెరిచి నాలుగు రోజులు కాలేదు, స్టాఫ్ రూముల్లో మూగసైగలు మొదలైపోయాయి. మొన్న ఒక బడిలో తెలుగు మేడమ్ పద్యం ఎత్తుకోబోతే గాలి తప్ప మాట రాలేదట. డాక్టరు పది రోజులు మౌనవ్రతం రాసిచ్చారు. "ఏటి మేడమ్, గొంతు పోనాదేటి?" అని పిల్లగుంటలు జాలిపడ్డారు గానీ గోల మాత్రం తగ్గించలేదు.

రిజిస్టర్లు, లెసన్ ప్లాను, కొత్త పెన్ను సంగతి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే. గోల మీద అరవకండి.

గొంతు సంగతి

వేసవి సెలవుల్లో, ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా 49 రోజులు ఇంట్లో మామూలుగా మాట్లాడిన గొంతు అది. ఒక్కసారిగా రోజుకి ఆరు పీరియడ్లంటే ఎక్కడ తట్టుకుంటుంది? గొంతులో మాట పుట్టించే స్వరతంతువులు ఆడవాళ్ళలో సెకనుకి సుమారు 200 సార్లు, మగవాళ్ళలో 110, 120 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. 45 నిమిషాల పీరియడ్‌లో 20 నిమిషాలు గొంతు మోగినా మేడమ్‌గారికి 2,40,000 తాకిళ్ళు. ఓ 200 చప్పట్లు గట్టిగా కొట్టి అరచేతులు చూసుకోండి, అరుపంటే ఏమిటో తెలుస్తుంది. పార పట్టిన చేతికి కాయలు కాసినట్టే తంతువుల మీదా కాస్తాయి. డాక్టర్లు నాడ్యూల్స్ అనేవి అవే.

ఇక నీళ్ళు. విశాఖ ఉక్కలో ఒంట్లో నీరంతా చెమటై పోతుంది. తాగిన నీళ్ళు తంతువుల మీదుగా వెళ్ళవు (వెళితే పొలమారుతుంది), రక్తంలో కలిసి చేరాలి. అందుకే గొంతు ఎండాక తాగితే అప్పటికప్పుడు ఫలితం ఉండదు. లీటరు సీసా తెచ్చుకుని, పొద్దుట నుంచే పీరియడ్‌కి నాలుగైదు గుక్కలు వేస్తూ ఉండండి. ఉప్పునీళ్ళ పుక్కిలింత కూడా తంతువుల దాకా పోదు. ఆవిరి మాత్రం అక్కడిదాకా పోతుంది, సాయంత్రం ఐదు నిమిషాలు పట్టండి.

క్లాసులో

మీరు గొంతు పెంచితే, పక్కవాడికి వినపడాలని పిల్లలూ పెంచుతారు. మీరు ఒక్కరు, వాళ్ళు 40 మంది. ఈ పందెంలో గెలిచిన మేస్టారు లేరు. పైగా మొదటి రోజు అరిచి దారికి తెస్తే, ఏడాదంతా అరిస్తేనే దారికొస్తారు.

మరి ఏం చెయ్యాలి? గుమ్మం దగ్గరే ఆగి చెయ్యెత్తండి. మీరు మూడు చప్పట్లు కొడితే వాళ్ళు రెండు కొట్టాలని ముందే నేర్పండి. ఆపైన మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు మెదపకండి. ఏడో అంకె దగ్గర ముందు బెంచీవాళ్ళు "ష్‌ష్" అనడం మొదలుపెడతారు, ఆ ఉద్యోగం వాళ్ళకే వదిలెయ్యండి. గోల ఆగాక మొదటి వాక్యం మామూలు కంటే కాస్త తగ్గించి చెప్పండి. వినడానికి వాళ్ళే ఆగుతారు.

బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. మాట గోడకి తగులుతుంది, వెనక బెంచీకి వినపడదు, మీకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. రాయండి, తిరగండి, అప్పుడు చెప్పండి. పేజీ నంబరు పదిసార్లు అరిచే బదులు ఒకసారి బోర్డు మీద రాస్తే సరి. హైవే పక్క బడి అయితే రోడ్డు వైపు కిటికీలు మూసి అవతలివి తెరవండి. విశాఖ నేవీ విమానాశ్రయం దగ్గరి బళ్ళలో విమానం దిగుతుంటే పాఠం ఆపెయ్యండి. నేవీ ఇంజనుతో మనకి పోటీ ఏటి?

మేస్టార్ల హాజరు యాప్‌లో ముఖం చూపించడానికి పరుగెత్తుకొచ్చి, ఆ ఆయాసంతోనే పాఠం ఎత్తుకోకండి. ముందు పిల్లల హాజరు పిలవండి, ఊపిరి కుదురుతుంది. గొంతు సవరించుకోవడానికి ఖళ్ ఖళ్ మనకండి, గుక్కెడు నీళ్ళు మింగండి. వెనక బెంచీవాడు అల్లరి చేస్తే ముందు నుంచి కేకెయ్యకండి, నడిచివెళ్ళి పక్కన నిలబడండి. వరండాలో పోయే పక్క క్లాసు పిల్లల్ని అదిలించకండి, వాళ్ళకి వేరే మేస్టారు ఉన్నారు. ప్రేయర్‌లో మైకు ఉంటే మైకు వాడండి, "నాకెందుకండీ" అనే బడాయి వద్దు. డ్రిల్లు పీరియడ్‌లో ఈల. డస్టర్ బయట దులిపించండి. టీ రెండు కప్పులు, మూడోది వద్దు.

బొంగురు మొదలైతే గుసగుసలు కూడా మానండి, చాలామందికి తంతువులు బిగుసుకుంటాయి. పుదీనా బిళ్ళ చప్పరిస్తూ పాఠం చెప్పకండి, నొప్పి తెలియక ఇంకా అరుస్తారు. మందుల షాపులో అడిగి స్టీరాయిడ్ మాత్రలు మింగకండి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రక్తం పడినా, ఊపిరి ఆడకపోయినా ఆ రోజే. గోల మీద అరవకండి. గోల ఎంత పెరిగినా అరవకండి. తనిఖీకి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తున్నా సరే, అరవకండి. సెలవు కావలసివస్తే హెడ్‌మాస్టరు గారికి మెసేజ్ పెట్టండి, ఫోన్ చేసి ఆ ఉన్న కాస్త గొంతూ అక్కడ ఖర్చు పెట్టకండి.